డాక్టరేట్లు వస్తున్నాయి.. పరిశోధన ఊరికి చేరేదెప్పుడు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: కళాశాల అధ్యాపకునికి విశ్వవిద్యాలయం డాక్టరేట్ ప్రదానం చేసిందన్న వార్త ఈ మూడు పట్టణాలకు కొత్త కాదు. శాలువా, పూలదండ, ప్రిన్సిపల్, తోటి అధ్యాపకుల అభినందనలు, మరునాడు పత్రికలో చిన్న ఫొటో. దాని కింద రెండు వరుసల్లో పరిశోధనాంశం పేరు. ఒకరిది ఇరుగుపొరుగు దేశాలతో భారత విదేశాంగ విధానం, మరొకరిది క్వాంటం భౌతికశాస్త్రం, ఇంకొకరిది ఔషధ మొక్కల్లోని రసాయనాల విశ్లేషణ. పాఠకులు ఆ పేరు చదివి, మనిషిని మెచ్చుకుని, పేజీ తిప్పేస్తారు. ఏళ్ల తరబడి సాగిన శ్రమ గురించి స్థానికులకు తెలిసేది అంతవరకే.

ఈ అంశాలకూ ఇక్కడి జనజీవనానికీ సంబంధం లేదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. విదేశాంగ విధానం ఢిల్లీ వ్యవహారమని, క్వాంటం శాస్త్రం బెంగళూరు ప్రయోగశాలలదని, మొక్కల రసాయనశాస్త్రం మందుల కంపెనీలదని సాధారణ భావన. లోతుగా పరిశీలిస్తే పరిస్థితి అందుకు భిన్నంగా కనిపిస్తోంది.

గల్ఫ్ గడపలో విదేశాంగ విధానం

విదేశాంగ విధానం ఫలితాన్ని ఇంటి గడపలోనే అనుభవించే ప్రాంతాలు రాష్ట్రంలో ఏవని అడిగితే జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల పేర్లు ముందు వరుసలో ఉంటాయి. దుబాయి, మస్కట్, దోహా, కువైట్, రియాద్ పేర్లు ఇక్కడి పల్లెల్లో పక్క మండలాల పేర్లంత పరిచితం. కేంద్రం 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం వరకు తగ్గిస్తూ సర్క్యులర్లు జారీ చేసింది. కరోనా కాలంలో ఉపాధి చేజారకుండా కాపాడటమే ఉద్దేశమని సమర్థించుకున్నా, వలస కుటుంబాల్లో ఆందోళన వ్యక్తమైంది. వ్యవహారం రాష్ట్ర హైకోర్టు వరకు వెళ్లింది. చివరకు 2021లో ఆ సర్క్యులర్లను ఉపసంహరించుకున్నారు. విదేశాంగ విధానమంటే శిఖరాగ్ర సమావేశాలు, కరచాలనాలు మాత్రమే కాదని, నెల జీతంలో పడే కోత కూడా అందులో భాగమేనని ఈ ఉదంతం రుజువు చేసింది.

మరో ఉదాహరణ సిరిసిల్లది. దుబాయిలో 2005లో జరిగిన నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్ష పడిన ఈ ప్రాంత కార్మికులు ఐదుగురు సుమారు 18 ఏళ్ల తర్వాత 2024లో ఇళ్లకు చేరారు. మృతుని కుటుంబం క్షమాభిక్షకు అంగీకరించడం కోసం ఇక్కడి నుంచి నేపాల్ దాకా ప్రయత్నాలు సాగాయి. తెలంగాణ కార్మికులు, నేపాల్ కుటుంబం, ఎమిరేట్స్ న్యాయస్థానం అనే మూడు కొసలు ఒకే కేసులో ముడిపడ్డాయి. దక్షిణాసియా, పశ్చిమాసియా సంబంధాలపై పరిశోధించే వారికి ఇంతకంటే సజీవమైన అధ్యయనాంశం మరొకటి దొరకదు.

పాత కరీంనగర్ జిల్లాలోని వంగరకు చెందిన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలోనే తూర్పు దేశాల వైపు చూపు అనే విధానం రూపుదిద్దుకుంది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడినదీ ఆయన హయాంలోనే. ఆ నేలపై రాజనీతిశాస్త్రం చదివిన పరిశోధకులు సార్క్ సదస్సుల తీర్మానాలతో పాటు గల్ఫ్ ఒప్పందాలనూ, వలస చట్టాలనూ పరిశీలించాలని ఆశించడం అత్యాశ కాదు. 1983 నాటి వలసల చట్టం ఏం చెబుతోంది, ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలి, ప్రవాసీ బీమా ఎప్పుడు వర్తిస్తుంది, ఖతర్ 2020లో తెచ్చిన కార్మిక సంస్కరణల వల్ల కంపెనీ మారడం ఎంత సులువైంది? విమానం ఎక్కబోయే యువకునికి ఈ ప్రశ్నలకు జవాబులు ఏజెంటు నోటి నుంచి తప్ప మరోచోట వినే అవకాశం తక్కువ.

పసుపు కొమ్ములో మూడు శాస్త్రాలు

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల రైతులకు పసుపు ప్రాణప్రదమైన పంట. జాతీయ పసుపు బోర్డు కోసం ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాయి. 2023 అక్టోబరులో కేంద్రం బోర్డును నోటిఫై చేయగా, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా అది ప్రారంభమైంది. అధికారిక లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ ఉత్పత్తిలో ఇది 75 శాతానికి పైమాటే. ఎగుమతుల్లో ప్రధాన మార్కెట్లుగా పేర్కొంటున్నవి బంగ్లాదేశ్, యూఏఈ, అమెరికా, మలేసియా. అంటే పొరుగు దేశాలతోనూ, గల్ఫ్‌తోనూ ఉన్న సంబంధాలు పసుపు కల్లం దాకా వచ్చి చేరుతున్నాయన్న మాట.

పసుపుకు ఆ రంగునిచ్చేది కుర్కుమిన్ అనే రసాయనం. ఐరోపా శాస్త్రవేత్తలు 1815లోనే దానిని వేరు చేయగా, నిర్మాణాన్ని 1910లో తేల్చారు. ఈ అణువులోని ఎలక్ట్రాన్లు కొన్ని నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉండగలవు. అవి నీలం, ఊదా వైపు కాంతిని పీల్చుకోవడం వల్ల మిగిలిన కాంతి కంటికి పసుపుగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లకు ఈ నియమం ఎందుకన్నది వివరించేదే క్వాంటం భౌతికశాస్త్రం. సుమారు 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని నమూనా ఎంత పీల్చుకుంటుందో కొలిచి, అందులోని కుర్కుమిన్ శాతాన్ని లెక్కగడతారు. ఆ శాతాన్ని బట్టే ఔషధ, ఎగుమతి సంస్థలు సరకు నాణ్యతను నిర్ణయిస్తాయి. ఈ విధంగా విదేశీ వాణిజ్యం, క్వాంటం శాస్త్రం, మొక్కల రసాయనశాస్త్రం ఒకే పసుపు కొమ్ములో కలుస్తున్నాయి.

రైతుకు తెలియవలసిన విషయాలు ఇక్కడే ఉన్నాయి. కొమ్ములను అవసరానికి మించి ఉడికిస్తే కుర్కుమిన్ తగ్గుతుంది. ఆరబెట్టడంలో తేడా వస్తే రంగు మసకబారుతుంది. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ రూపొందించిన ప్రగతి వంటి స్వల్పకాలిక రకాలు సుమారు ఆరు నెలల్లోనే చేతికొస్తాయి. విత్తనం మార్చాలా, పాత రకాన్నే కొనసాగించాలా అన్నది వేల రూపాయల పెట్టుబడితో కూడిన నిర్ణయం. మొక్కల రసాయనాలపై డాక్టరేట్ పొందిన అధ్యాపకుడు అదే ఊరి కళాశాలలో పాఠం చెబుతుండగా, అదే ఊరి రైతు రంగు చూసి వ్యాపారి చెప్పిన ధరకు తలూపి రావడం విచారకరం.

ఒక పరిశోధన మార్చిన మార్కెట్

పరిశోధన గ్రంథం మార్కెట్‌ను మార్చగలదా అన్న సందేహానికి బంగ్లాదేశ్ సమాధానం చెప్పింది. అక్కడ గ్రామీణ మహిళల రక్తంలో సీసం ఎక్కువగా ఉండటానికి కారణం వెతుకుతూ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధక బృందం చివరకు పసుపు దగ్గర ఆగింది. కొమ్ములకు నిగనిగలాడే రంగు కోసం పాలిష్ చేసే చోట లెడ్ క్రోమేట్ అనే విషపూరిత రంగు కలుపుతున్నట్లు 2019లో వెల్లడించింది. 1980వ దశకంలో వరదలకు తడిసిన పంట రంగు కోల్పోవడంతో ఈ అలవాటు మొదలైందని వారి అధ్యయనంలో తేలింది. అక్కడి ఆహార భద్రతా యంత్రాంగం వెంటనే కదిలింది. ఎక్స్‌రే పరికరాలతో మార్కెట్లలో తనిఖీలు చేసి, కల్తీదారులకు జరిమానాలు విధించి, ప్రజల్లో ప్రచారం చేపట్టింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం కల్తీవి కాగా, 2021 నాటికి అది సున్నాకు చేరడం విశేషం.

ఈ ఉదంతంలో గమనించవలసినది ఒకటుంది. పరిశోధకులు తమ ఫలితాన్ని పత్రికలో అచ్చు వేయించి ఊరుకోలేదు. వ్యాపారుల వద్దకు, అధికారుల వద్దకు, జనం వద్దకు తీసుకెళ్లారు. మార్పు అక్కడే వచ్చింది.

కాగితంపై ఉన్న జ్ఞానానికి ఎంత బలం ఉంటుందో పసుపే మరోసారి నిరూపించింది. గాయాలు మాన్పే గుణంపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ లభించింది. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, పాత గ్రంథాలనూ, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపడంతో 1997లో ఆ పేటెంట్ రద్దయింది. ప్రతి ఇంట్లో అమ్మమ్మలకు తెలిసిన విషయమే అయినా, కాగితంపై లేకపోతే పేటెంట్ కార్యాలయం ముందు నిలిచేది కాదు.

అడ్డంకి ఎక్కడ?

సిద్ధాంత గ్రంథాలు ఊరికి చేరకపోవడానికి కారణాలు పలు విధాలు. మొదటిది భాష. విజ్ఞానశాస్త్ర గ్రంథాలు ఆంగ్లంలోనే వెలువడతాయి. 2009 నాటి యూజీసీ నిబంధనల నుంచి గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించవలసి ఉంది. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వాటిని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన రైతు, నేత కార్మికుడు ఆ గడప దాటగలరని చెప్పలేము.

రెండవది వసతుల కొరత. మొక్కల నుంచి తీసిన పదార్థం నిర్మాణాన్ని తేల్చే ఖరీదైన యంత్రాలు చిన్న పట్టణాల డిగ్రీ కళాశాలల్లో ఉండవు. నమూనాలు పట్టుకుని హైదరాబాద్ వెళ్లి, వంతు కోసం ఎదురుచూడాలి. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దినాల్లో పరిశోధన సాగించే వారి కష్టం తక్కువది కాదు.

మూడవది ఉద్దేశం. పదోన్నతులకు డాక్టరేట్ ఉపకరిస్తుంది. ఆ దశ దాటగానే పరిశోధన ఆగిపోతోందన్న విమర్శ విద్యావర్గాల్లో ఉంది. 2022 నవంబరు నిబంధనలతో పీహెచ్‌డీకి ముందు పత్రికల్లో వ్యాసాలు ప్రచురించాలన్న తప్పనిసరి షరతును యూజీసీ తొలగించింది. సహాయ ఆచార్యుల నియామకానికి నెట్, సెట్ వంటి అర్హతలు చాలునని, డాక్టరేట్ ఐచ్ఛికమని 2023లో స్పష్టం చేసింది. ఉద్యోగం కోసం పట్టా అన్న ఒత్తిడి కొంత తగ్గినప్పుడైనా ప్రశ్న కోసం పరిశోధన అన్న దృష్టి పెరగాలి.

అన్నిటినీ లాభంతో కొలవరాదు

ప్రతి పరిశోధన రేపటికల్లా పొలంలోకి రావాలని పట్టుబట్టడం కూడా పొరపాటే. ముఖ్యంగా క్వాంటం సిద్ధాంతం విషయంలో ఈ జాగ్రత్త అవసరం. ఢాకా విశ్వవిద్యాలయంలో రీడర్‌గా ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఒక చిన్న వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ స్వయంగా దానిని జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేశారు. నాటికి దానివల్ల ఒక్క రూపాయి లాభం లేదు. నేడు కణాల్లో సగం జాతికి బోస్ పేరే ఉంది. కేంద్రం 2023 ఏప్రిల్‌లో రూ. 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. సాంకేతిక కళాశాలల్లో క్వాంటం అంశాన్ని అదనపు పాఠ్యాంశంగా బోధించేందుకు 2024 డిసెంబరులో ప్రణాళిక ప్రకటించారు. నాచుపల్లిలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థికి ఈ దారి చూపాలంటే, ఆ శాస్త్రం తెలిసిన అధ్యాపకులు సమీపంలో ఉండటం ఎంతో మేలు. కాబట్టి క్వాంటం పరిశోధకుని నుంచి ఊరు అడగవలసింది లాభం కాదు, వివరణ.

చేయగలిగినవి

అసాధ్యమైన పనులేవీ ఇందులో లేవు. డాక్టరేట్ పొందిన ప్రతి అధ్యాపకుడు తన గ్రంథ సారాంశాన్ని పది పుటల్లో తెలుగులో రాసి పట్టణ గ్రంథాలయంలో ఉంచవచ్చు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఇందుకు మార్గదర్శి. అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించిన జగిత్యాల సన్నాలు వరి రకం పేరు తెలియని రైతు ఈ ప్రాంతంలో అరుదు. పరిశోధన విత్తనమై చేతికి వచ్చింది కనుకనే ఆ గుర్తింపు. డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర విభాగాలు ఈ కేంద్రంతోనూ, కోరుట్ల పశువైద్య కళాశాలతోనూ, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలతోనూ కలిసి పనిచేస్తే విద్యార్థుల ప్రాజెక్టులకు స్థానిక ప్రశ్నలు దొరుకుతాయి. రాజనీతిశాస్త్ర విభాగాలు గల్ఫ్ ప్రయాణికులకు నెలకొక అవగాహన సదస్సు నిర్వహించవచ్చు.

సిరిసిల్ల ప్రాంతానికి ఇందులో మంచి వారసత్వమే ఉంది. హనుమాజీపేటలో పుట్టిన డాక్టర్ సి.నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వంపై చేసిన పరిశోధనకు 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది. ఆ గ్రంథం పుస్తకంగా వెలువడి తరాల తెలుగు విద్యార్థులకు ఆధారమైంది. పట్టా ఆయనకు దక్కినా, ఫలం అందరికీ అందింది.

ఇకపై సన్మాన సభల్లో శాలువా కప్పిన తర్వాత మరో అరగంట కేటాయించి, పరిశోధకుడు ఏం కనుగొన్నాడో ఆయన నోటనే తెలుగులో చెప్పించడం ఆనవాయితీ కావాలి. ప్రేక్షకుల్లో పసుపు రైతు, గల్ఫ్ నుంచి వచ్చిన కార్మికుడు, ఇంటర్ చదువుతున్న విద్యార్థి కూర్చుని ప్రశ్నలు అడిగిన నాడు ఆ డాక్టరేట్ నిజంగా ఊరిది అవుతుంది.