లెక్కలు మనవి, లెక్కగట్టేది వాళ్లా?

2024 నవంబర్‌లో తెలంగాణ సర్కారు ఇంటింటి కులసర్వే చేసినప్పుడు ఫారాలు పట్టుకొని గల్లీలు తిరిగినవాళ్లలో మాలాంటి బడిపంతుళ్లు చాలామంది. పొద్దున బడిలో పాఠం, మధ్యాహ్నం నుంచి సర్వే. ఉప్పుగూడ, గౌలిపురా సందుల్లో గడప గడపా తొక్కినం. 2025 ఫిబ్రవరిలో అంకెలు బయటికొచ్చినయి: ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఆ అంకెల్ని విడమర్చి చూడడానికి జస్టిస్ సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం వేశారు. కంచ ఐలయ్యగారు అందులో ఉపాధ్యక్షులు. సంతోషమే. కానీ నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. కాగితాలు మోసింది మేము. బతుకులు చెప్పింది మనవాళ్లు. ఆ కాగితాల కట్ట ముందు కూర్చొని ‘దీని అర్థం ఇదీ’ అని తేల్చే కుర్చీల్లో వాడల పిల్లలు ఎంతమంది?

ఈ పనికే ఇప్పుడు డేటా అనాలిసిస్ అని పేరు.

మా బస్తీలో ఒక పిల్ల ఉంది. తల్లి మున్సిపాలిటీలో ఊడుస్తది. పిల్ల ఇంటర్‌లో హెచ్‌ఇసి చదివింది. చదివింది అనడం కన్నా ఆ గ్రూపులోకి నెట్టారనడం నిజం. ‘నీకు లెక్కలెందుకు’ అన్నది ఎవరో ఒక మేష్టరే, నా కులవృత్తివాడే అనుకోండి. మొన్న నా దగ్గరికొచ్చి, “సార్, డేటా కోర్సుకు పరీక్ష ఉందంట. లెక్కలు పదోతరగతిలోనే ఇడిసిపెట్టిన. నాకొస్తదా?” అనడిగింది.

ఆమె అడిగింది మద్రాసు ఐఐటి 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీ గురించి. ఐఐటి అనగానే మనం దండం పెట్టి పక్కకు తప్పుకుంటాం. ఆగండి. దీనికి జెఇఇ ర్యాంకు అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి, ఏ గ్రూపుతోనైనా ఇంటర్ పాసైతే చాలు. వయసు అడ్డం కాదు. నాలుగు వారాలు వాళ్లే పాఠాలు చెప్తారు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లలో కనీస మార్కులొస్తే పరీక్షకు పిలుస్తారు. ఆ నాలుగు వారాల పాఠాల మీదే పరీక్ష, సెంటర్‌కు పోయి రాయాలి. లెక్కలు, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు, కంప్యుటేషనల్ థింకింగ్ అని నాలుగు సబ్జెక్టులు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఒక్కోదాంట్లో 30, మొత్తం మీద సగటున 40 శాతం రావాలి. అసలు సంగతి ఇది: ఇన్నే సీట్లు అనే గిరి లేదు. గీత దాటినవాళ్లందరూ లోపలికే. నా సీటు నువ్వు తన్నుకుపోయినవని ఏడ్చే అవకాశం ఏ మెరిట్ బాబుకూ లేదు.

కంప్యుటేషనల్ థింకింగ్ అనే మాట విని పిల్ల గుండె జారిపోయింది. తీరా చూస్తే ఏముంది? మార్కుల కార్డుల కట్ట, దుకాణం బిల్లుల కట్ట. ఒక్కో కార్డు తీయాలి, చూడాలి, పక్కన పెట్టాలి. లెక్కల్లో 60 దాటిన కార్డు వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీయాలి. కట్ట అయిపోయినంక గీతలు లెక్కబెడితే జవాబు. పొదుపు సంఘం పుస్తకంలో ఎవరు కిస్తీ కట్టలేదో మన ఆడవాళ్లు చూసే తీరు ఇదే. దాన్నే మెట్టు మెట్టుగా రాస్తే సూడోకోడ్ అంటున్నారు.

స్టాటిస్టిక్స్ ఇంకా మనకు పనికొచ్చేది. ఒక గల్లీలో పది ఇండ్లు అనుకోండి. తొమ్మిది ఇండ్లకు నెలకు 12,000 రాబడి. పదో ఇల్లు కాంట్రాక్టరుది, 1,20,000. సగటు తీస్తే 22,800 వస్తది. మీ గల్లీ బాగానే బతుకుతున్నదని రాసేస్తారు! రాబడుల్ని చిన్న నుంచి పెద్దకు వరసగా పెట్టి నట్టనడుమ ఏముందో చూస్తే 12,000. దాన్ని మధ్యగతం అంటారు. ఈ రెంటికీ తేడా చెప్పగలిగిన పిల్ల రేపు కలెక్టరాఫీసులో ఫైలు ముందర బెదరదు. బాబాసాహెబ్ 1923లో లండన్‌లో డి.ఎస్సీ. పొందింది రూపాయి సమస్య మీద. బొమ్మకు దండలేస్తాం గానీ, ఆయన అంకెలతో వాదించిన అర్థశాస్త్రవేత్త అని మర్చిపోతాం.

అంతా తేలికని నేను అబద్ధం చెప్పను. పాఠాలు ఇంగ్లీషులో. మన పిల్లను ఓడించేది లెక్క కాదు, ప్రశ్నలోని వాక్యం. అందుకని ముందు ప్రశ్నను తెలుగులో తన మాటల్లో చెప్పించి, తర్వాత లెక్క చేయిస్తున్నా. అమీర్‌పేటలో ఒక కోచింగ్ దుకాణం ఆమెను ముప్ఫైవేలు అడిగింది. పాఠాలు వాళ్లే చెప్తుంటే ఈ ముప్ఫైవేలు దేనికమ్మా అని ఆపిన. ఫీజులో మనకు ఆదాయాన్ని బట్టి 75 శాతం దాకా రాయితీ ఉంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మాత్రం చేతిలో ఉండాలి. కార్యకర్తలు ఆ పని ముందు చూడాలి. ఆఖరి రోజు మీసేవ ముందు నిలబడితే లాభం లేదు.

ఇంకొక మాట మన సంఘాలకే. ఆఫీసుల్లో కరపత్రాలు కొట్టేందుకు కొన్న కంప్యూటర్లు సాయంత్రాలు గుడ్డ కప్పుకొని నిద్రపోతున్నయి. రెండు గంటలు పిల్లలకు వదిలితే ఏం పోతుంది? ఆ పిల్లకు ఇల్లంటే ఒకే గది, ఒకే ఫోను. ఆ ఫోను తమ్ముడు డెలివరీ పనికి పట్టుకపోతడు. రెండు అసైన్‌మెంట్లు రాత్రి పదకొండు దాటినంక చేసింది. మొదటిదాంట్లో తప్పులు చాలా పోయినయి, రెండోది నయం. మూడోదాని గడువు ఈ వారమే. ఆ పూటకు నా ఫోను తీసుకపొమ్మన్నా.