44 లక్షల ముడుల వెనక... ఓ వడ్రంగి!

అమ్మానాన్నా లేని బాల్యం ఎలా ఉంటుందో జాకబ్ కున్‌జ్లర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. 1871లో స్విట్జర్లాండ్‌లోని హుండ్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే కన్నవాళ్లను పోగొట్టుకున్నాడు. పొట్టపోసుకోవడానికి వడ్రంగం నేర్చుకున్నాడు. తర్వాత బాసెల్ నగరానికి వెళ్లి, చర్చి తరఫున రోగులకు సేవ చేసే పనిలో శిక్షణ పొందాడు. ఆ విద్యే ఆయన్ని సొంతూరికి వేల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లింది.

1899లో కున్‌జ్లర్ ఉర్ఫాలో అడుగుపెట్టారు. ఇప్పటి తుర్కియే ఆగ్నేయాన, సిరియా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుందా ఊరు. అప్పట్లో అది ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగం. 1895లో అక్కడ ఆర్మేనియన్లను ఊచకోత కోశారు. ఆ గాయాలు మాన్పడానికి జర్మన్ పాస్టర్ యోహానెస్ లెప్సియస్ చొరవతో ఓ ఆసుపత్రి వెలిసింది. కున్‌జ్లర్ అందులో మగ నర్సు. ఉలీ రంపం పట్టిన చేతులు కదా, పనిని ఇట్టే పట్టేశాయి. డాక్టర్ల పక్కన నిలబడి చూస్తూ చూస్తూ ఆపరేషన్లు చేయడమూ నేర్చుకున్నారు. భార్య ఎలిజబెత్ కూడా ఆ సేవలోనే భాగం పంచుకుంది.

అంతలో 1915 వచ్చింది. ఓ పక్క ప్రపంచయుద్ధం. మరోపక్క ఒట్టోమన్ పాలకులు ఆర్మేనియన్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టి సిరియా ఎడారి వైపు నడిపించారు. మగవాళ్లలో చాలామందిని దారిలోనే చంపేశారు. ఆడవాళ్లూ పిల్లలూ ఆకలికీ దప్పికకూ రాలిపోయారు. ఆ మారణకాండలో పోయిన ప్రాణాలు దాదాపు పది లక్షలన్నది ఓ అంచనా. అంతకంటే ఎక్కువేనంటారు ఇంకొందరు చరిత్రకారులు.

ఆ బతికున్న శవాల వరుసలు ఉర్ఫా మీదుగా సాగాయి. ఆసుపత్రి డాక్టరేమో యుద్ధం వల్ల స్వదేశంలోనే ఉండిపోయారు. భారమంతా కున్‌జ్లర్ దంపతుల మీద పడింది. తలుపులేసుకుని కూర్చుంటే అడిగేవాళ్లు లేరు. సొంత దేశానికి వెళ్లిపోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. అయినా వాళ్లు కదల్లేదు. ఆర్మేనియన్, కుర్దు, తుర్కు అన్న తేడా లేకుండా కట్లు కట్టారు. తర్వాత కుర్దుల్నీ ఇళ్ల నుంచి తరిమేస్తే, కున్‌జ్లర్ వాళ్ల గోడూ రాసిపెట్టారు. చూసినదంతా 1921లో పుస్తకంగా తెచ్చారు. ‘రక్తం, కన్నీళ్ల దేశంలో’ అని దాని పేరుకి అర్థం.

యుద్ధం ముగిసినా అనాథల కష్టం ముగియలేదు. తుర్కియేలో వాళ్లకిక రక్షణ లేదని తేలిపోయింది. 1922లో అమెరికా సహాయ సంస్థ ‘నియర్ ఈస్ట్ రిలీఫ్’ వేలమంది పిల్లల్ని సరిహద్దు దాటించడానికి సిద్ధమైంది. ఆ సంస్థ మొత్తం 22 వేలమందిని తరలించగా, అందులో దాదాపు 8 వేలమందిని సిరియా, లెబనాన్‌లకు క్షేమంగా చేర్చింది కున్‌జ్లర్ దంపతులే.

ఆ మరుసటి ఏడాదే ఆయన కుడిచెయ్యి తీసేయాల్సి వచ్చింది. వడ్రంగికీ, ఆపరేషన్లు చేసేవాడికీ చెయ్యి పోతే ఇంకేం మిగిలింది? ఇంకొకరైతే ఇంటిదారి పట్టేవాళ్లే. కున్‌జ్లర్ మాత్రం బీరుట్‌కు ఉత్తరాన ఉన్న ఘజీర్ అనే కొండ ఊళ్లో, వెయ్యికి పైగా ఆడపిల్లలున్న అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నారు.

ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టడం ఒక ఎత్తు. పెట్టే చెయ్యి ఆగిపోయిన రోజున వాళ్లేం తింటారని ఆలోచించడం మరో ఎత్తు. విరాళాలు ఎల్లకాలం రావని కున్‌జ్లర్‌కు తెలుసు. అనాథగా పెరిగిన తనను నిలబెట్టింది చేతిపనేనని ఇంకా బాగా తెలుసు. తివాచీల నేత ఆర్మేనియన్లకు తరతరాల విద్య. అందుకే ఘజీర్‌లో మగ్గాలు పెట్టించారు. ఊరూ ఇల్లూ పోగొట్టుకున్న చిట్టిచేతులు ముడి మీద ముడి వేయడం మొదలుపెట్టాయి.

ఆ మగ్గాల మీద పుట్టిందే ఓ అద్భుతం! పొడవు 18 అడుగుల 5 అంగుళాలు, వెడల్పు 11 అడుగుల 7 అంగుళాలు. ఏదెను తోటను తలపించేలా చెట్లూ జంతువులూ. మొత్తం 44,04,206 ముడులు. దాదాపు 400 మంది అమ్మాయిలు పది నెలలు కష్టపడ్డారు. తమను ఆదుకున్న అమెరికా ప్రజలకు కృతజ్ఞతగా దాన్ని 1925 డిసెంబరులో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌కు పంపారు. శ్వేతసౌధంలో పరిచిన ఆ తివాచీని పదవి దిగాక ఆయన ఇంటికి తీసుకెళ్లారు. 1982లో కూలిడ్జ్ కుటుంబం మళ్లీ శ్వేతసౌధానికే ఇచ్చేసింది.

ఆ తర్వాత తివాచీ ఎక్కువకాలం గోదాములోనే ఉండిపోయింది. 2013లో ఓ పుస్తకావిష్కరణ సందర్భంగా ప్రదర్శనకు అడిగితే శ్వేతసౌధం ఒప్పుకోలేదు. విమర్శలు రేగాయి. 2014 నవంబరులో కొద్దిరోజులు మాత్రం జనానికి చూపించారు. ఆనాటి మారణకాండను జాతిహననంగా తుర్కియే ఒప్పుకోదు. అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2021లో ఆ మాట అన్నారు. పిల్లలు వేసిన ముడులు పెద్దలకు తొంభై ఏళ్ల తర్వాతా చిక్కుముడులే అయ్యాయి మరి!

కున్‌జ్లర్ అక్కడితో ఆగలేదు. బీరుట్ శివారు బూర్జ్ హమ్మూద్‌లో ఆర్మేనియన్ వితంతువులకు ఇళ్లు కట్టించారు. క్షయ రోగుల ఆసుపత్రికి పాటుపడ్డారు. వైద్యకళాశాల గడప తొక్కని ఆ మనిషికి బాసెల్ విశ్వవిద్యాలయం 1947లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. రెండేళ్లకే, 1949లో లెబనాన్‌లోనే కన్నుమూశారు.

ఆయన పెంచిన పిల్లలకు మాత్రం ఆ డాక్టరేట్‌తో పనిలేదు. వాళ్లు ఆయన్ని ఎప్పుడూ పిలిచింది ‘పాపా కున్‌జ్లర్’ అనే. పాపా అంటే... నాన్న!