డబ్బాలో దొరకని మన సిపాయి

ఈ వారం ఈ శీర్షికలో తారల కబుర్లు లేవు, సిపాయిల కబుర్లున్నాయి. సినిమా పత్రికలో ఈ యుద్ధాల గోలేమిటండీ అని పేజీ తిప్పెయ్యకండి. తిప్పారో, ‘మాయాబజార్’ ముచ్చట మీకు తప్పిపోతుంది. తర్వాత నన్నని లాభం లేదు!

నేను చెప్పబోయే సిపాయి ఎత్తు 54 మిల్లీమీటర్లు. అంటే మీ చూపుడువేలంత కూడా ఉండడు. ప్లాస్టిక్ మనిషి. పుట్టడమే ముక్కలుగా పుడతాడు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు. గుర్రమైతే ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి. కత్తి, ఒర, బల్లెం అన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి చింతకాయల్లా వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించి, అంచులు గీకి, అతికించి, రంగులద్ది నిలబెట్టాలి. ఆడుకునే బొమ్మ కాదండోయ్! కోటుకున్న బొత్తాం దగ్గర్నుంచి ఏ సంవత్సరంలో ఏ పటాలం ఏం తొడుక్కుందో లెక్క చూసుకునే వ్యవహారం. ఉప్పల్లో నేనుంటున్న ఒంటిగదిలో ఇలాంటి వాళ్లు నలభై మంది దాకా కాపురముంటున్నారు. “ఆ గుర్రాలక్కూడా అద్దె కట్టాలి బాబూ” అంటుంది మా ఇంటి ఓనరమ్మ గారు. ఇంకా వసూలు మొదలుపెట్టలేదు, ఆవిడ పుణ్యం.

ఈ సరదాకి పుట్టిల్లు సీమదేశం. ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీని 1939లో నికోలస్ కోవ్ అనే హంగేరీ ఆయన లండన్లో పెట్టాడు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు అమ్మేవాళ్ల కోసం ఆ ట్రాక్టరు బొమ్మ చేసిచ్చారు. 1952లో ‘గోల్డెన్ హైండ్’ అనే ఓడను ముక్కలుగా ప్లాస్టిక్ సంచీలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మారు. అక్కణ్ణుంచి విమానాలు, టాంకులు, సైనికులు. 1970లలో వచ్చిన 54 మిల్లీమీటర్ల వరసే నాకు ప్రాణం. వాటర్లూ యుద్ధం నాటి తుపాకీవాళ్లు, నెపోలియన్ కవచధారులు, పోలండు బల్లెంరౌతు, ఒక్కొక్కడిదీ ఒక్కో ఠీవి. ఫ్రాన్సులో హిస్టారెక్స్ వాళ్లు నెపోలియన్ సైన్యం ఒక్కదాన్నే పట్టుకుని, జీను పట్టీకుండే బకిలు కూడా విడిగా అచ్చుపోసేవారు. అంత చాదస్తం! (మంచి చాదస్తమే అనుకోండి.)

పాత డబ్బా తెరిస్తే ముక్కల అంచుల్లో పల్చటి పొర కనిపిస్తుంది, ఉల్లిపొరలాగా. అదెందుకొస్తుందో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పయ్యేళ్లు మోల్డింగ్ మిషను మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చెప్పారు. టీకొట్టు దగ్గర నా చేతిలోని చట్రం అందుకుని, వెలుతురుకు పెట్టి చూసి, “అచ్చు ముసలిదైంది సారూ” అన్నారు. అచ్చంటే రెండు ఉక్కు పలకలట. వాటిని గట్టిగా బిగించి, కరిగిన పాలీస్టైరీన్‌ను లోపలికి తోస్తారు. వేలసార్లు మూసి తెరిచి, మూసి తెరిచి పలకల అంచులరిగితే మధ్యలో వెంట్రుకవాసి సందు పడుతుంది. కరిగిన ప్లాస్టిక్ ఆ సందులోకి దూరుతుంది. దాన్నే ఫ్లాష్ అంటారు. ముక్కమీద చిన్న గుండ్రటి గుంటలున్నాయే, అవి బొమ్మను అచ్చులోంచి బయటికి తోసే పిన్నుల గుర్తులు. “మేము బాటిల్ మూతలు పోస్తుంటిమి, వాండ్లు సిపాయిలను పోసిండ్రు. పని ఒకటే” అన్నారాయన. ఆయన మాట విన్నాక డబ్బాలు చూసే నా కళ్లే మారిపోయాయి. ముక్క చూస్తే అచ్చు కొత్తగా ఉన్నప్పుడు పోసిందో, అరిగాక పోసిందో ఇట్టే తెలుస్తోంది.

సరే, మాయాబజార్ కొద్దాం. 1957లో ఆ చిత్రంలో ద్వారకానగరం చూపించారు, గుర్తుందా? అది మన కళ్లెదుట మిలమిలలాడింది గానీ, అంతా బొమ్మల కొలువే! మద్రాసు చందమామ భవనంలో 50 అడుగులకు 60 అడుగుల చోటులో సుమారు 300 చిట్టి ఇళ్లు చేతులతో చేసి పేర్చారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే దాన్ని పట్నంగా మార్చేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1977లో, ‘స్టార్ వార్స్’ తీసిన హాలీవుడ్ వాళ్లు ఏం చేశారు? బజార్లో దొరికే టాంకు, ఓడ కిట్లు డబ్బాలకొద్దీ కొని, ఆ ముక్కలు పీకి అంతరిక్ష నౌకలకు అతికించారు. అదే 1977 సంక్రాంతికి మనకి ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. నందమూరి తారకరామారావు గారు నాచారంలో కట్టుకున్న రామకృష్ణా స్టూడియోలో తయారైంది. దర్శకత్వమూ ఆయనదే, కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. కిరీటం, కవచం, గద... మా పేటకి సైన్యాలు కొత్త కాదు మరి!

ఇప్పుడు అసలు గొడవ. అబిడ్స్ ఆదివారం సంతలో పాత పుస్తకాల మధ్య నాకొక ఎయిర్‌ఫిక్స్ డబ్బా దొరికింది. ‘బెంగాల్ లాన్సర్, 1901’. గుర్రమెక్కిన రౌతు, తలపాగా, చేతిలో బల్లెం. చట్రంలోంచి ఒక్క ముక్క కూడా తీయలేదు. 300 రూపాయలు చెప్పాడు, 250కి ఇచ్చాడు. ఇలాంటి డబ్బాని ముట్టుకోకుండా బీరువాలో పెట్టుకునేవాళ్లున్నారు. ముక్క కోశారో, డబ్బా విలువ పడిపోతుందంటారు. నాకు తెలిసినాయన ఒకరు నేనిచ్చినదానికి పదింతలిస్తాను, కొయ్యకుండా ఇచ్చెయ్యమన్నారు. రెండు నెలల అద్దె సుమండీ! ఫ్రీలాన్సు పాత్రికేయుడికి అది చిన్న మాట కాదు.

ఇచ్చేసేవాణ్ణే. ఇంతలో పక్కింటి కుర్రాడు వచ్చాడు. ఎనిమిదో తరగతి. నా సైన్యాన్నంతా ఓ చివర నుంచి చూసుకుంటూ వచ్చి, “అంకుల్, వీళ్లలో మనోడు ఒక్కడు కూడా లేడా?” అన్నాడు.

లేడు. ఉండాల్సింది మాత్రం చాలామందే! ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయికి ‘తిలంగా’ అనే పేరుండేదని తెలుసా? కుంపిణీవాళ్లు దక్షిణాది నుంచి తీసుకెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్లు అంతమంది ఉండబట్టి, వాళ్ల దేశం పేరే సిపాయికి పేరైపోయింది. ఉప్పల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్తే ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్టమీద ఒక సమాధి ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతి పటాలాలు నడిపిన రేమండ్‌ది. 1798లో పోయాడు. నెపోలియన్ సిపాయి కోసం పారిస్ డబ్బాలు వెతికే నాబోటివాళ్లకి, ఫ్రెంచి కవాతు నేర్చిన సిపాయిలు మన ఊళ్లోనే తిరిగారన్న సంగతి పట్టదు. 1757లో బొబ్బిలి కోట మీదికి బుస్సీ వచ్చాడు. ఆ కథ మనకి సినిమాల వల్లనే తెలుసు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’. తాండ్ర పాపారాయుడి ప్లాస్టిక్ బొమ్మ ఒక్కటైనా ఏ డబ్బాలోనైనా చూశారా?

ఇంకో తమాషా. 2010 తర్వాత కొన్నేళ్లపాటు ఎయిర్‌ఫిక్స్ డబ్బాల మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉండేది. అచ్చుపోసింది మనవాళ్లే! లోపలున్నవి మాత్రం సీమ విమానాలు. ఉక్కు అచ్చు చెక్కాలంటే బోలెడు డబ్బు, అది తిరిగి రావాలంటే కొనేవాళ్లుండాలి. వ్యాపారం సంగతి నాకర్థమవుతుంది. కుర్రాడికెలా చెప్పను?

డబ్బా అమ్మలేదు. ఆ రాత్రే బ్లేడు పెట్టాను.

బెంగాల్ రౌతుని హైదరాబాద్ లాన్సర్‌గా మార్చాలని నా పట్టు. మొదటి ప్రపంచయుద్ధంలో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల రౌతులు ఒకే దళంగా ఈజిప్టు, పాలస్తీనాల్లో పోరాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్నం మీద గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూరు వాళ్లు. ఆ దాడి ఘనత వాళ్లదే, మనవాళ్ల ఖాతాలో వేసుకోవద్దు. కానీ ఆ దళంలో మూడోది మనది. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటామే, ఆ మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. 1922లో నిలబెట్టారు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా కలిపారు.

కంచులో రంగు కనపడదు గదా అంటారేమో. అక్కర్లేదు. 1901 రౌతుది పరేడు దర్జా. 1918 నాటికి రణరంగంలో దర్జాలన్నీ పోయి, ఖాకీయే మిగిలింది. కాబట్టి పని రంగులోకంటే ఆకారంలో ఎక్కువ. ముందు ముక్కలన్నీ సబ్బునీళ్లలో కడిగాను, అచ్చు జిడ్డుంటే రంగు నిలవదు. తలపాగా అరగదీసి, ఎంసీల్ పిసికి సన్నటి పేలికలా చేసి, సూదిమొనతో మడత మీద మడత చుట్టాను. మూడుసార్లు వలిచేసి మళ్లీ చుట్టాను లెండి. కళ్లేనికి తోలు ఎక్కడ తెస్తాం? మిగిలిన చట్రం పుల్లని కొవ్వొత్తి సెగకు పట్టి మెత్తబడగానే రెండువైపులా లాగితే దారంలా సాగుతుంది. అదే కళ్లెం. జీను పక్కన తుపాకీ, ఛాతీకి అడ్డంగా తూటాల పట్టీ.

తంటా అంతా మొహం దగ్గరొచ్చింది. సీమ రంగు డబ్బాల్లో హంబ్రోల్ 61వ నంబరు మీద ‘ఫ్లెష్’ అని ఉంటుంది, అంటే ఒంటి రంగు. మూత తీస్తే లేత గులాబీ! ఎవరి ఒళ్లండీ అది? పూర్వం మన తెర మీద నల్లటి నటులకి గులాబీ పూత పూసి నిలబెట్టేవారు చూడండి, అలా ఉంటాడు మనవాడు ఆ రంగేస్తే. అందుకని దానిలో జీను తోలుకి వాడే గోధుమరంగు సగానికి సగం కలిపి, చుక్క ఎరుపు వేసి, అగ్గిపుల్ల మీద రాసి నా మోచేతి పక్కన పెట్టి చూసుకున్నాను. నాలుగోసారికి కుదిరింది. కళ్లలో తెలుపు పెట్టలేదు. ఇంత చిన్న మొహంలో తెలుపు పెడితే దెయ్యం చూసినవాడిలా ఉంటాడు.

రౌతు తయారయ్యాడు. గుర్రానికే ఇంకా రంగు పడలేదు. పక్కింటి కుర్రాడు నల్లగుర్రమే కావాలంటున్నాడు, హీరో అన్నవాడు నల్లగుర్రం ఎక్కాలట! నేను ముదురు గోధుమరంగు అంటున్నాను. పేచీ వారం రోజులుగా సాగుతోంది. ఓనరమ్మ గారు తెల్లగుర్రం వైపున్నారు.