ఎవరూ దిగొద్దు!

మన ఎలక్ట్రికల్ ల్యాబుల మీద నాకో కంప్లైంట్ ఉంది. ఈ మూడేళ్లలో చేసిన ప్రయోగాల్లో ఒక్క సర్క్యూట్ కూడా "ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయించేది" లేదు. కనెక్షన్ తప్పయితే రీడింగ్ రాదు, సరైతే వస్తుంది, రికార్డులో రాసేసి సంతకం పెట్టించుకుంటాం. బయట బండ్లు అంత పద్ధతిగా పాడవ్వవు. ఈ సంగతి నాకు ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి కారు నేర్పింది.

అది 2003 మోడల్ పెట్రోలు కారు, నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఏడాదిగా దానికో జబ్బు. బాగా నడుస్తూ నడుస్తూ ఇంజన్ టక్కున ఆగిపోయేది. పక్కకి నెట్టి, దిగి, పావుగంట చెట్టు కింద నిలబడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. "వేడెక్కుతోంది, చల్లారితే సరి" అని ఇంట్లో అందరం తీర్మానించేశాం. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం ఎంతసేపు తిప్పినా ఆగేది కాదు. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గిపోయినట్టు! బ్యాటరీ మార్చారు. ప్లగ్గులు మార్చారు. చివరికి ఫ్యూయల్ పంపు కూడా మార్చారు. మార్చిన ప్రతిసారీ ఓ వారం బాగుండేది, హమ్మయ్య అనుకునేవాళ్లం.

ఏప్రిల్లో హైవే మీద ఆగింది. వెనకాలే లారీ. ఆ డ్రైవరు ఎలా తప్పించాడో తెలీదు గానీ, హారన్ మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. వెనక సీట్లో అమ్మ, అమ్మమ్మ ఉన్నారు. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో లేచి, "తుక్కుకిచ్చేద్దాం" అన్నాడు.

నాలో ఇంజనీరు మేలుకున్నాడు. మల్టీమీటరు తీసి పంపు కనెక్టరు ఊడదీసి, అమ్మ చేత కీ తిప్పించి చూశాను. 12.6 వోల్టులు. "సప్లై పర్ఫెక్ట్, వైరింగ్‌లో ఏం లేదు" అని ప్రకటించాను. ఎంత తప్పో తర్వాత తెలిసింది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు 10 మెగా ఓములు. అది లాగే కరెంటు ఒక మైక్రో ఆంపియరుకి కాస్త ఎక్కువ, అంతే. వైరులో వెంట్రుకంత పోగు ఒక్కటి మిగిలినా, అదీ తుప్పు పట్టినా, మీటరుకి నిండు వోల్టేజీయే కనిపిస్తుంది. అదే వైరు పంపుకి 5 ఆంపియర్లు మోయాలంటే? దారిలో ఒక్క ఓము నిరోధం ఉంటే 5 వోల్టులు అక్కడే పోతాయి. ఓమ్స్ లా నాకు రాదా? వచ్చు. పరీక్షలో అడిగితే వచ్చు.

చివరి ప్రయత్నంగా ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ బాబాయ్ దగ్గరికెళ్లాం. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు అడిగిన ప్రశ్న ఇది: "ఆగినప్పుడల్లా బండిలో ఎవరెవరున్నారు?"

నవ్వొచ్చింది నాకు. అమ్మ మాత్రం నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డైరీ తీసింది. ఆసుపత్రి, పెళ్లి, గుడి... ఆగిన ప్రతిసారీ వెనక సీట్లో మనుషులున్నారు. నాన్న ఒక్కడే ఆఫీసుకెళ్లిన రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. షెడ్డులో మెకానిక్ కూడా ఒక్కడే కదా తిప్పేది!

బాబాయ్ 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి తీసి, పంపు కనెక్టరు దగ్గర నుంచి ఫ్యూజుతో సహా పొడవాటి వైర్లు లాగి, బల్బుని డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పురవ్వ రాకూడదని ఆయన పడ్డ జాగ్రత్త చూడాల్సిందే. ఇద్దరు కుర్రాళ్లని వెనక ఎక్కించి గతుకుల రోడ్డు పట్టాం. పది నిమిషాలకి బల్బు ఆరింది, వెంటనే ఇంజన్ ఆగింది. నేను అలవాటుగా తలుపు తీయబోతే "ఎవరూ దిగొద్దు!" అని అరిచాడు. బల్బు నెగెటివ్ వైరు పీకి వేరే చోట శుభ్రమైన ఇనుముకి ఆనించి, నాన్నని కీ తిప్పమన్నాడు. బల్బు భగ్గున వెలిగింది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. "పాజిటివ్ బానే ఉంది. పంపుకి ఎర్త్ పోతోంది, ఇంజనీరు గారూ."

వెనక సీటు ఎత్తితే, సీటు ఫ్రేము కింద నలుగుతున్న నల్ల వైరు. తొడుగు బాగానే ఉంది, లోపల పోగులన్నీ తెగి ఒకటో రెండో మిగిలాయి. మనిషి కూర్చుంటే విడిపోతుంది, దిగితే అతుక్కుంటుంది. మేం పావుగంట చల్లార్చింది ఇంజన్ని కాదన్నమాట. పంపు మార్చినప్పుడు సీటు ఎత్తారు కాబట్టి వైరు కాస్త సర్దుకుని ఆ వారం గడిచిపోయి ఉంటుంది. మూరెడు వైరు, ఒక ఐలెట్, గరుకు కాగితంతో రుద్దడం. 300 రూపాయలు అడిగాడు, నాన్న 500 ఇచ్చాడు.

నేననేదేంటంటే, మన ల్యాబులో ఇలాంటి బోర్డు ఒక్కటైనా ఉండాలి. కదిపితే తెగేది, లోడు పెడితేనే బయటపడేది. వైవాలో "ఓమ్స్ లా చెప్పు" అనే బదులు "ఇది ఎప్పుడెప్పుడు ఆగుతోంది, ఎవరిని ఏమడుగుతావు?" అని అడగాలి. మార్కులు తగ్గుతాయని నాకూ తెలుసు. ముందు నావే తగ్గుతాయి.

ఆ తెగిన వైరు ముక్క నా హాస్టల్ డ్రాయరులోనే ఉంది. డిపార్ట్‌మెంట్ వాళ్లు బోర్డు చేస్తామంటే రేపే తెచ్చిస్తాను.