పెరడంతా గచ్చు చేయించాలా?

2025 మే 15 నుండి 26 వరకు మా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. వాటికి బంధువులు వస్తారని, ఆలోపే పెరడంతా గచ్చు చేయించి టైల్స్ పరిపించాలని మా ఇంట్లో ప్రస్తావన వచ్చింది. 60 వేల రూపాయలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. అయినా వెంటనే కాదనలేకపోయాను. అంతకుముందు వానాకాలంలో 76 ఏళ్ల మా అమ్మ పెరటి బురదలో జారిపడింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు గాని, నెల రోజులు మంచం దిగలేదు.

వైద్యుడు మందు చెప్పే ముందు రోగకారణాన్ని వెదకుతాడు. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడమే, ఆయుర్వేదంలో తొలి చికిత్స. ఇంటి ఖర్చులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆ బురద ఎక్కడిదని పరిశీలించాను. చూరు నుండి పడే నీరు, గిన్నెలు కడిగిన నీరు, ఈ రెండూ అమ్మ స్నానాల గదికి నడిచే దారిలోనే నిలుస్తున్నాయి. జబ్బు పెరడంతటికీ లేదు, ఆ పది గజాల దారికే ఉన్నది.

పెరడంతా కప్పివేస్తే కలిగే నష్టమేమిటి? గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఉన్నా, మా ఊళ్లో వేసవి ఎండ తీవ్రమైనది. సిమెంటు నేల పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి విడుస్తుంది. వాన నీరు భూమిలో ఇంకదు. వీధిలో నిలిచి దోమలకు నెలవవుతుంది. మొదలు చుట్టూ గచ్చు బిగిస్తే వేపచెట్టు వేళ్లకు గాలి, నీరు సరిగా అందవు. దగ్గుకు తులసి, జలుబుకు వామాకు, తల నూనెకు గుంటగలగర అన్నీ ఆ మట్టిలోనివే. పెరట్లో ఉచితంగా దొరికేవాటిని పోగొట్టుకొని, రేపు అంగట్లో కొనుక్కోవాలి.

అందుచేత చూరుకు రేకు కాలువ కట్టించి, ఆ నీటిని పునాదికి దూరంగా తవ్వించిన ఇంకుడు గుంతకు మళ్లించాను. గిన్నెలు కడిగిన నీరు అరటి మొక్కలకు పోయే ఏర్పాటు చేశాను. దారికి మాత్రం గరుకైన షాబాదు బండలు పరిపించి, స్నానాల గది గోడకు పట్టుకొనేందుకు ఇనుప కడ్డీ, బయట ఒక దీపం పెట్టించాను. మొత్తం 16 వేలయింది. ఆ తర్వాతి వానాకాలమంతా అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండానే నడిచింది. పుష్కరాలకు వచ్చిన బంధువులు టైల్స్ లేవని చిన్నబుచ్చుకోలేదు. వేప నీడలోనే మంచాలు వేసుకున్నారు.

గచ్చు ఎక్కడా పనికిరాదని నా వాదన కాదు. చక్రాల కుర్చీ వాడేవారున్న ఇంట, మురుగు నిలిచే ఇరుకు పెరట్లో అది తప్పనిసరి కావచ్చు. అక్కడ ఖర్చుకు వెనుదీయరాదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మేస్త్రీని పిలిచే ముందు ఒక పెద్ద వాన కురిసే దాకా ఆగండి. నీరు ఎక్కడ నిలుస్తున్నదో, ఇంట్లోని పెద్దలు ఎక్కడ అడుగు వేయడానికి జంకుతున్నారో గమనించండి. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే.