దిగుడు దారిలో మన పొరుగువారు



విశాఖపట్నం పూర్ణా మార్కెట్ తెలియనివారు మనలో ఎవరున్నారు? మన కొండల మీద పండే అల్లం, పసుపు, చింతపండు, అనాస, పనస, కొండ చీపుర్లు, అడ్డాకుల కట్టలు సంతలో చేతులు మారి చివరికి అలాంటి మార్కెట్లకే చేరతాయి. తెల్లవారకముందే అక్కడ రెండు రకాల సైకిళ్ళు కనబడతాయి. ఒకటి బరువైన పాత సైకిల్. క్యారియర్ మీద కూరగాయల బస్తా ఉంటుంది, మనిషి తొక్కలేక పక్కన నడుస్తూ తోస్తుంటాడు. రెండోది సన్నని టైర్ల సైకిల్. దాని మీది కుర్రవాడు హెల్మెట్ పెట్టుకుని, ముందు లైటు వేసుకుని, అరకు వైపు బయలుదేరి ఉంటాడు. సరుకు కొండ దిగి నగరానికి వస్తుంది, కుర్రవాడు నగరం దాటి కొండకు వెళ్తాడు. ఇద్దరి దారీ ఒకటే.

పోర్టులోనో, స్టీల్ ప్లాంటులోనో, కంప్యూటర్ కంపెనీల్లోనో పనిచేసే మన యువకులు కొందరికి ఈ మధ్య సైకిల్ మీద మనసైంది. చాలా సంతోషం. వారమంతా కుర్చీలో కూర్చున్న ఒంటికి అది మేలు, మనసుకూ మేలు. "కొండ మీదికి ఏ దారి మంచిది?" అని వాళ్ళు అడుగుతుంటారు. మేము చెప్పేది ఇదీ: ఏ దారైనా మంచిదే, కానీ ఎలా ఎక్కాలన్నదానికంటే ఎలా దిగాలన్నది ముందు ఆలోచించుకుని బయలుదేరండి.

దారుల సంగతి చెప్పుకుందాం. అందరికీ తెలిసినది అరకు దారి. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా బొడ్డవర చేరితే అక్కడి నుంచి ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి కాఫీ తోటలు దాటి, సుంకరమెట్ట మీదుగా అరకు. నగరం నుంచి సుమారు 115 కిలోమీటర్లు. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరకముందే దారి అంతకంటే పైకి పోయి మళ్ళీ దిగుతుంది. రెండోది పాడేరు దారి. సబ్బవరం, చోడవరం మీదుగా మాడుగుల చేరి, హల్వా రుచి చూసి, అక్కడి నుంచి పాడేరు ఘాట్ ఎక్కాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు వెళ్ళేది ఇంకొకటి. శీతాకాలంలో మంచు చూడడానికి జనం కార్లలో విరగబడేది ఆ దారికే.

ప్రియులారా, ఈ దారుల్లో ఎక్కేటప్పుడు ఒక చక్కని సంగతి జరుగుతుంది. ఎంత ఖరీదైన సైకిలైనా, మనలో చాలామందికి ఘాట్‌లో గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు మించి సాగడం కష్టం. అది ఇంచుమించు మనిషి నెమ్మదిగా పరుగెత్తే వేగం. పక్కన కట్టెల మోపుతో నడిచే అమ్మ ముఖం కనబడుతుంది. "ఎక్కడికి బాబూ?" అని ఆమె అడిగితే జవాబు చెప్పే తీరిక ఉంటుంది. దాహం వేస్తే ఇంటి ముందు ఆగి నీళ్ళు అడుగుతాం. ఎక్కుతున్నంతసేపూ మనం వాళ్ళకు పొరుగువాళ్ళం.

అదే మనిషి అదే దారిలో దిగేటప్పుడు మారిపోతాడు. పెడల్ తొక్కకుండానే గంటకు 50 కిలోమీటర్ల వేగం వచ్చేస్తుంది. ఆ వేగంలో సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతాం. మలుపు అవతల ఒక మనిషి ఉన్నాడని గమనించి బ్రేకు మీద వేలు పడేలోపే అతని దగ్గరికి చేరిపోతాం. పొద్దున మనతో మాట్లాడిన అమ్మే సాయంత్రం మనకు అడ్డుగా కనిపిస్తుంది. దారి మారలేదు, ఆమె మారలేదు, మన వేగం మారింది.

ఆ దారి అంచున నడిచేవారు ఎవరు? వారపు సంతకు నెత్తిన బుట్టతో వెళ్ళేవారు, బడి నుంచి వచ్చే పిల్లలు, పశువులను తోలుకొచ్చేవారు. రోడ్డు లేని శిఖర గ్రామాల నుంచి జబ్బుపడిన వారిని డోలీ కట్టి భుజాల మీద మోసుకుంటూ తారు రోడ్డు దాకా వచ్చేవారు. మనం సరదాగా వెళ్ళే ఆ రోడ్డు చాలామందికి ఆసుపత్రికి ఉన్న ఒకే ఒక్క దారి. నెత్తిన బరువున్న మనిషి తల తిప్పి వెనక్కి చూడలేదు. చెవితోనే దారి చూసుకుంటుంది. మన కొండ ఊళ్ళ పెద్దమ్మలు అనే మాట వినండి: "బస్సొస్తే తెలుస్తాది బావూ, లారీ వస్తే తెలుస్తాది. ఆ సైకిలొస్తే మాత్రం మీద పడేదాకా తెల్దు." మన సైకిల్ చప్పుడు చేయదని మనం మురిసిపోతాం. ఆ నిశ్శబ్దమే వాళ్ళకు భయం.

"రోడ్డు అందరిదీ కదా, కార్లు ఇంకా వేగంగా పోతున్నాయి కదా, మమ్మల్నే ఎందుకు అంటారు?" అని మన కుర్రవాళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కార్లవాళ్ళ తప్పు తప్పే, టూరిస్టుల తొందర వల్ల సైకిల్ తొక్కేవారికీ ప్రమాదమే. కానీ పెద్ద బండి మన పట్ల ఎలా ఉండాలని మనం కోరతామో, నడిచేవారి పట్ల మనమూ అలా ఉండాలి కదా. లారీ మనకు ఎలాగో, వాళ్ళకు మనం అలాగ. మన దేశపు రోడ్డు నిబంధనల్లోనే ఒక మంచి మాట ఉంది. కొండదారి ఇరుకైన చోట, దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. కష్టపడి ఎక్కేవాడికి ముందు హక్కు అన్నమాట. చట్టం బండ్లకు చెప్పిన ఆ మర్యాదను మనం బుట్ట మోసే మనిషికీ ఇస్తే పోయేదేముంది?

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక దారి గుర్తుకు రాక మానదు. మంచి సమరయుని కథ జరిగిన యెరూషలేము, యెరికో దారి. మనం ఆ కథను ఎన్నోసార్లు విన్నాం గానీ అది కొండదారి అన్న సంగతి అంతగా పట్టించుకోం. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆ దారి సుమారు 1000 మీటర్లు దిగుతుంది. అరకు నుంచి మన సముద్రతీరానికి ఉన్న దిగుడు కూడా ఇంచుమించు అంతే. ఆ కథలో యాజకుడు దిగి వెళ్తున్నవాడే. దిగుడు దారి మనిషిని ముందుకు నెడుతుంది, ఆగనివ్వదు. ఆగాలంటే మనసులో ఒక బ్రేకు ఉండాలి. సమరయుడికి అది ఉంది. పొరుగువాడు ఎవరన్న ప్రశ్నకు జవాబు అలాంటి దారిలో దొరకడం మనం ఆలోచించవలసిన విషయం.

అందుకని కొన్ని మాటలు చెబుతాం, పెద్దవాళ్ళ చాదస్తం అనుకోకండి. కనబడినంత దూరంలో ఆగగలిగే వేగంతోనే దిగండి. గంటకు 20 కిలోమీటర్ల మీద సెకనుకు ఐదారు మీటర్లే పోతాం, మనిషిని చూసి ఆగడానికి వ్యవధి ఉంటుంది. బ్రేకు మలుపులో కాకుండా మలుపుకు ముందే వేయండి. ఒకే బ్రేకును పట్టుకుని వేలాడితే చక్రం అంచు వేడెక్కుతుంది, అందుకే మధ్యమధ్య ఆగి చేతులకూ చక్రాలకూ విశ్రాంతి ఇవ్వండి. గంట లేని సైకిల్ మీద ఘాట్ దిగవద్దు, ప్రతి మలుపులో గంట కొట్టండి. మంచులో, చీకట్లో, వానలో దిగవద్దు. సంత జరిగే చోట దిగి నడిపించుకు పోండి, అల్లమో పసుపో కొనండి, బేరం ఎక్కువ ఆడకండి. ఒళ్ళు అలిసిపోతే సిగ్గుపడకుండా అరకులో సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి కిరండూల్ రైలులో కిందికి రండి. సొరంగాల మీద సొరంగాలు దాటుతూ వచ్చే ఆ ప్రయాణమూ అందమైనదే.

దూర ప్రయాణాల సైక్లింగ్‌లో బ్రెవే అని ఒక పద్ధతి ఉంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఇస్తారు. గడువులోపు వచ్చిన వారందరూ పూర్తి చేసినట్టే, మొదటివాడు, చివరివాడు అన్న లెక్క ఉండదు. మన యువకులకు ఆ పద్ధతి నచ్చాలని మా కోరిక. ఫోన్‌లో దిగుడు వేగం ఎంతో చూసుకుని స్నేహితులకు పంపుకునే పోటీ మాత్రం మనకు వద్దు. ఆ అంకె కోసం ఎవరి బిడ్డ కాలు విరిగినా దానికి వెల కట్టలేం.

అధికారులకూ ఒక మనవి ఉంది. పాడేరు, అరకు మీదుగా 516ఈ జాతీయ రహదారి పేరుతో దారిని వెడల్పు చేసే పని చేపట్టారు. వెడల్పైన రోడ్డు మీద బండ్ల వేగం పెరుగుతుంది. కాబట్టి ఊళ్ళున్న చోట, బడులున్న చోట, సంతలున్న చోట నడిచేవారికీ సైకిళ్ళకూ అంచున చోటు గీసి వదలాలి. అక్కడ కార్లు ఆపుకోకుండా చూడాలి. పంచాయతీల్లో ఉన్న మన పెద్దలు ఈ మాటను గ్రామసభలో ఎత్తండి. ఇది సైకిల్ కుర్రవాళ్ళ కోరిక మాత్రమే అయితే ఎవరూ వినరు. బుట్ట మోసే అమ్మ కోరిక కూడా అని చెబితే బలం వస్తుంది.

కాబట్టి పిల్లలారా, కొండలకు రండి, మన ఊళ్ళు మీకోసం ఎదురుచూస్తాయి. ఎక్కేటప్పుడు మీకు నీళ్ళిచ్చిన మనిషిని దిగేటప్పుడు కూడా గుర్తుపట్టగలిగేంత నెమ్మదిగా దిగండి. మీ రాకపోకలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.