బర్మా ఖైదీల కోసం ఒక పోస్టుకార్డు: నారాయణరావుపేట మండల ప్రజలకు విజ్ఞప్తి



మీలో ప్రతి ఒక్కరినీ ఒక పోస్టుకార్డు అడగడానికి ఇది రాస్తున్నాను. ఆ కార్డు పోవలసింది ఢిల్లీకి. అందులో రాయవలసింది మయన్మార్ గురించి, మన పెద్దలు ఇప్పటికీ బర్మా అనే పిలిచే దేశం గురించి. అక్కడ 2021 ఫిబ్రవరి 1 నుంచి సైన్యం రాజ్యమేలుతున్నది.

"మన బాధలే మనకు మస్తుగున్నయి, బర్మాతోని మనకేం పని?" అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. యూరియా బస్తా కోసం తెల్లవారకముందే లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డ రైతు అడగవలసిన మాటే అది. దానికి జవాబు 1948లో ఉంది.

ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న భైరాన్‌పల్లి మీద 1948 ఆగస్టు 27న నిజాం పక్షపు రజాకార్లు పడి 90 మందికి పైగా ఊరివాళ్ళను చంపారు. ఆ ఊరి బురుజు ఇంకా నిలిచే ఉంది. అటువంటి రోజులు చూసిన జనం, సెప్టెంబర్ 13న యూనియన్ మిలట్రీ హైదరాబాద్ సంస్థానంలోకి కదిలిందని విని ఊపిరి పీల్చుకున్నారు. అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది. ఆనాటి సంతోషాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నేననను. ఆ తర్వాత ఏడాదికి పైగా మనల్ని ఏలింది మాత్రం మనం ఓటేసి తెచ్చుకున్న సర్కారు కాదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్‌గా 1949 డిసెంబర్ దాకా ఉన్నారు. జాగీర్దారీని రద్దు చేసిన చట్టం ఆయన హయాంలోనే, 1949 ఆగస్టులో వచ్చింది. అది మేలు, మేలనే చెప్పుకోవాలి. అదే పాలన ప్రత్యేక ట్రిబ్యునళ్ళను కూడా పెట్టింది. శాసనసభ లేని రోజుల్లో, అడిగేవాడు లేని చోట, మనిషికి ఉరి వేసే అధికారం ఆ ట్రిబ్యునళ్ళ చేతికి పోయింది.

నల్గొండ ప్రాంతపు రైతాంగ పోరాటానికి సంబంధించిన హత్య కేసుల్లో ఆ ట్రిబ్యునళ్ళు 12 మందికి మరణశిక్ష వేశాయి. 1949 డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. వాళ్ళు ఆ నేరాలు చేశారా లేదా అన్నది వేరే వాదన, ఇవాళ నేను దాని జోలికి పోను. విచారణ సాగిన తీరు చూడండి. కొందరి తరఫున వాదించడానికి వకీలే లేడన్నది తర్వాత సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి. ప్రాణం పోయే కేసు. తనవైపు నుంచి లేచి నిలబడి "అయ్యా, ఈ సాక్షి చెప్పేది అబద్ధం" అనేవాడు లేడు. బోనులో నిలబడ్డ పల్లెటూరి మనిషికి ఆ గదిలో నడిచే భాష ఎంత అర్థమైందో, తన వంతు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో మనం ఊహించుకోవలసిందే.

డేనియల్ లతీఫీ అనే న్యాయవాది వాళ్ళ కేసు పట్టుకున్నారు. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. ఆయన పెద్ద బారిస్టర్, బ్రిటన్ పార్లమెంటులో ఎంపీగా పనిచేసినవాడు. ఆ తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా కేసు వాదించింది కూడా ఆయనే. తెలంగాణ రైతు మొఖం ఎన్నడూ చూడని మనిషి సముద్రాలు దాటి వచ్చి ఢిల్లీలో నిలబడి వాదించాడు.

కోర్టులో గెలిచారా అంటే, లేదు. హైకోర్టు తీర్పు 1950 జనవరి 26 కంటే ముందుది, అప్పటికి హైదరాబాద్ కోర్టులు భారత భూభాగంలోని కోర్టులు కావు, కాబట్టి అప్పీలు వినే అధికారం మాకు లేదు అని 1950 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష పడినవాళ్ళలో జనార్దన్ రెడ్డి, మరికొందరు వేసిన రిట్లు కూడా 1951 మార్చిలో పోయాయి. రాజ్యాంగం వచ్చింది గానీ కొన్ని వారాల తేడాతో వాళ్ళకు అందలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టయితది.

అయినా వాళ్ళను ఉరి తీయలేదు. శిక్షలు యావజ్జీవానికి తగ్గాయి. న్యాయస్థానంలో దారులన్నీ మూసుకున్నాక కూడా ఆ ప్రాణాలు నిలిచాయంటే, అందుకు బయట నడిచిన ప్రచారమే కారణమని నా నమ్మకం. ఆ మనుషుల గురించి దేశంలోనూ విదేశాల్లోనూ మాట్లాడినవాళ్ళున్నారు, రాసినవాళ్ళున్నారు, సర్కారును నిలదీసినవాళ్ళున్నారు. ఊరూ పేరూ లేకుండా పోవలసిన రైతుల పేర్లు మంత్రుల బల్లల మీదికి చేరాయి.

అడిగేవాళ్ళు లేని చోట ఏమైందో కూడా అదే కాలం చెబుతుంది. యూనియన్ సైన్యం వచ్చిన రోజుల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద భయంకరమైన హింస జరిగింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు అచ్చు వేయలేదు. ఆ వేలమంది కోసం లండన్ నుంచి ఏ బారిస్టరూ రాలేదు. రజాకార్ల చేతుల్లో పోయిన మనవాళ్ళ కోసం ఏడ్చే మనం వీళ్ళ కోసం కూడా ఏడవాలి. అందులో ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా లేదు.

ఇక బర్మా సంగతి.

2020 నవంబర్‌లో అక్కడ ఎన్నికలు జరిగితే ఆంగ్ సాన్ సూకీ పార్టీ 476 సీట్లలో 396 గెలిచింది. కొత్త పార్లమెంటు కూర్చోవలసిన రోజు తెల్లవారుజామున సైన్యం ఆమెను, ఎన్నికైన ఎంపీలను పట్టుకుపోయింది. అప్పటి నుంచి వేలమంది చనిపోయారు, పదుల వేలమంది అరెస్టయ్యారు. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పజీజీ అనే పల్లెలో జనం ఒక ఆఫీసు ప్రారంభానికి కూడితే, పైనుంచి విమానాలు బాంబులు వేశాయి. పిల్లలతో సహా 160 మందికి పైగా పోయారు. గెలిచిన పార్టీని 2023లోనే రద్దు చేసి, 2025 డిసెంబర్ చివర మళ్ళీ ఎన్నికలు మొదలుపెట్టారు. బరిలో ఉండవలసినవాళ్ళు జైల్లో ఉంటే అవి ఏం ఎన్నికలు?

నన్ను ఈ పనికి పురికొల్పింది 2022 జూలై వార్త. ఆ నెలలో మయన్మార్ సైన్యం నలుగురిని ఉరి తీసింది. 30 ఏళ్ళకు పైగా ఆ దేశంలో ఉరి అమలు కాలేదు. నలుగురిలో ఫ్యో జెయా థా పాటగాడు, తర్వాత ఎంపీ అయినవాడు. కో జిమ్మీ 1988 విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చినవాడు, అంతకుముందే ఏళ్ళ తరబడి జైలు చూసినవాడు. విచారణ సైనిక ట్రిబ్యునల్‌లో, మూసిన తలుపుల వెనక జరిగింది. శవాలను కూడా ఇంటివాళ్ళకు ఇవ్వలేదు. మన 12 మందికి తప్పిన చావు వీళ్ళకు తప్పలేదు. ఇంకా మరణశిక్ష పడి జైళ్ళలో ఎదురు చూస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను కాపాడడానికి ఇంకా సమయం ఉంది.

ఆ దేశం మనకు పరాయిది కూడా కాదు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం నుంచి మనవాళ్ళు కూలికి పోయి రంగూన్ రేవులో మూటలు మోశారు, రైసు మిల్లుల్లో చెమటోడ్చారు. కోరంగి రేవులో ఓడెక్కి పోయారు కాబట్టి అక్కడివాళ్ళు వాళ్ళను కోరంగీలన్నారు. 1962లో జనరల్ నెవిన్ సైనిక పాలన వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేస్తే, ఆ దశాబ్దంలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇవాళ్టికీ ఉంది. రాలేకపోయిన తెలుగు కుటుంబాల మనుమలు, మునిమనుమలు యాంగోన్, మోల్మేన్ పక్క ఇంకా బతుకుతున్నారు. వాళ్ళ పిల్లలనూ ఇప్పుడు బలవంతంగా సైన్యంలోకి పిలిచే చట్టం 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

మన పిల్లల సంగతి వేరే చెప్పాలి. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంటు చెప్తే నమ్మి పోయిన తెలంగాణ, ఆంధ్ర యువకులను సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ దగ్గరి సైబర్ మోసాల డెన్లలో పెట్టారు. పాస్‌పోర్టులు గుంజుకున్నారు. 2025 మార్చిలో వాయుసేన విమానాలు రెండు రోజుల్లో 549 మంది భారతీయులను తెచ్చాయి. చట్టం చచ్చిన దేశంలోనే అటువంటి డెన్లు పెరుగుతాయి. ఇంట్లో డిగ్రీ పిల్లవాడు టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పోతానంటే ఆపండి. గల్ఫు ఏజెంట్ల దెబ్బ తిన్న మన ఊళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

"అది వాళ్ళ దేశం లోపలి వ్యవహారం కదా" అని చదువుకున్నవాళ్ళు అంటారు. మన దేశపు చెయ్యి అందులో లేకపోతే ఆ మాట కొంత ఆలోచించవచ్చు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ 2023 మే నివేదికలో, సైనిక కుట్ర తర్వాత భారతదేశపు సంస్థల నుంచి, ప్రభుత్వ రంగ సంస్థలతో సహా, 5 కోట్ల 10 లక్షల డాలర్ల విలువైన ఆయుధాలు, సంబంధిత సామగ్రి మయన్మార్‌కు చేరిందని చెప్పారు. రష్యా, చైనాలతో పోలిస్తే తక్కువే. కానీ అందులో ప్రభుత్వ రంగ సంస్థల వాటా మన పేరు మీద పోయినట్టే.

ఇదే దేశంలో మంచి దారి చూపించినవాళ్ళూ ఉన్నారు. 1988 తర్వాత పారిపోయి వచ్చిన బర్మా విద్యార్థులకు జార్జి ఫెర్నాండెజ్ ఢిల్లీలో తన ఇంట్లోనే చోటిచ్చారు. ఆయన మంత్రయ్యాక కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. 2021లో సరిహద్దు దాటి వచ్చినవాళ్ళను ఆపమని కేంద్రం లేఖ రాస్తే, మిజోరం మాత్రం వేలాదిగా వచ్చినవాళ్ళకు తలుపులు తీసింది. చర్చీలు, యువజన సంఘాలు బియ్యం పోగుచేసి తిండి పెట్టాయి. అదే ఏడాది మే నెలలో మణిపూర్ హైకోర్టు, మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని వెనక్కి తరమకుండా ఢిల్లీకి పోనివ్వాలని తీర్పిచ్చింది. మన రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్ష పౌరులకే కాదు, ఈ నేల మీద నిలబడ్డ ఎవరికైనా వర్తిస్తుందన్నది ఆ తీర్పుకు ఆధారం. 1950లో వారాల తేడాతో మనవాళ్ళకు అందని రాజ్యాంగం ఆ ఏడుగురికి అందింది.

అందుకే అడుగుతున్నాను. 50 పైసల కార్డు, పది నిమిషాల సమయం. ఒకటి విదేశాంగ మంత్రి పేరున న్యూఢిల్లీకి, ఇంకొకటి మన మెదక్ ఎంపీ పేరున రాయండి. మయన్మార్ జైళ్ళలో ఉన్న రాజకీయ ఖైదీలను ఉరి తీయవద్దని, వదిలేయమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలని రాయండి. ఆ సైన్యానికి ఆయుధాలకు పనికొచ్చే ఏ వస్తువూ ఇక్కడి నుంచి పోకూడదని రాయండి. ప్రాణభయంతో వచ్చినవాళ్ళను సరిహద్దు దగ్గర వెనక్కి నెట్టవద్దని రాయండి. మూడూ రాయడం కష్టమైతే ఉరి మాట ఒక్కటి రాసినా చాలు. తప్పులు పోతాయేమోనని భయపడకండి, మీ మాటల్లోనే, మనం మాట్లాడే తీరులోనే రాయండి. అందరూ ఒకే మచ్చు చూసి దింపితే చదివేవాళ్ళు పక్కన పెడతారు.

సర్పంచులకు, వార్డు సభ్యులకు ఒక మాట. వచ్చే గ్రామసభలో ఇదే విషయం మీద రెండు వాక్యాల తీర్మానం చేసి కలెక్టర్ గారి ద్వారా పైకి పంపండి. ఖర్చు లేని పని.

చదువుకునే పిల్లలకు ఇంకొక పని చెప్తున్నాను. మీ ఇంట్లోనో వాడకట్టులోనో 85 ఏళ్ళు దాటిన తాతలు, అవ్వలు ఉంటే, రజాకార్ల రోజులు, మిలట్రీ వచ్చిన రోజులు వాళ్ళకెట్ల గుర్తున్నాయో ఫోన్‌లో రికార్డు చేయండి. మధ్యలో అడ్డం పడి సరిదిద్దకండి, వాళ్ళు చెప్పినంత చెప్పనివ్వండి. ఆ మాటల్లో ఒకటి మీ కార్డులో చేర్చండి.

రాయడం రానివాళ్ళు సిగ్గుపడనక్కరలేదు. ఆదివారం పొద్దున్నే నారాయణరావుపేట బస్టాండు దగ్గర నేను, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు కార్డులు, పెన్నులు పట్టుకుని కూర్చుంటాం. మీరు చెప్పండి, మేము రాస్తాం. సంతకం గానీ వేలిముద్ర గానీ మీది, చిరునామా మాది. కూలికి పోయేవాళ్ళకు ఆలస్యం కాకుండా ఆరింటికే మొదలుపెడతాం.